నాన్న ఉత్తరాలు అందుకుంటూ పర్లాకిమిడి నుంచి సాలూరు దాకా

నాన్నకి ఆరేళ్లుగా ఫోన్‌లో మాట వినిపించదు. ఎదురుగా కూర్చుంటే పెదాలు చూసి సగం, గొంతు విని సగం అర్థం చేసుకుంటారు. ఫోన్ చెవి దగ్గర పెడితే "ఆఁ, ఆఁ" అని అమ్మకి ఇచ్చేస్తారు. వాట్సాప్ చూడరు, ఆ చిన్న అక్షరాలు కళ్లకి ఆనవు. మొన్న మార్గశిరంలో నేను ఒడిశా కొండల మీదుగా నడిచి ఇంటికి వస్తానని చెప్పినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే. "ఏ ఊరికి ఏ రోజు చేరతావో రాసివ్వు. అక్కడికి ఉత్తరం వేస్తాను."

అలా నా నడకకి పోస్టాఫీసులే మజిలీలయ్యాయి. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, లక్ష్మీపూర్, కోరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి, ఘాట్ దిగి సాలూరు. మొత్తం దాదాపు 300 కిలోమీటర్లు, విశ్రాంతితో కలిపి ఇరవై రోజులు. సాలూరు నుంచి బొబ్బిలి మా ఇల్లు బస్సులో గంట లోపే.

ఇలా ఉత్తరాలు తెప్పించుకోవాలనుకునేవాళ్ల కోసం ముందు ఏర్పాటు గురించి చెబుతాను. కవరు మీద మన పూర్తి పేరు, కింద "పోస్ట్ రెస్టాంట్" అనీ, దాని కింద ఊరి హెడ్ పోస్టాఫీసు, పిన్ కోడ్ రాయాలి. అంటే పోస్ట్‌మేన్ ఇంటికి తెచ్చివ్వడు, మనం కౌంటర్ దగ్గరికి వెళ్లి గుర్తింపు కార్డు చూపించి తీసుకోవాలి. పల్లెల్లోని బ్రాంచ్ ఆఫీసులు రోజుకి కొన్ని గంటలే తెరుస్తారు కాబట్టి పెద్ద ఊళ్లనే పెట్టుకోవడం మంచిది. రాయగడ 765001, కోరాపుట్ 764020. మన పిన్ కోడ్‌లు 5తో మొదలవుతాయి, ఒడిశావి 75, 76, 77తో. మా నాన్న అలవాటుగా మొదట 535 అని రాసి కొట్టేసి, మళ్లీ దిద్దేవారు. ఊరి పేరు మాత్రం ఇంగ్లీషులో కూడా రాయమని చెప్పాను. పోస్టు కార్డు ఇప్పటికీ 50 పైసలే, ఇన్‌లాండ్ లెటర్ రెండున్నర రూపాయలు. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి విలువైనవేవైనా ఉంటే స్పీడ్ పోస్టే. అలాంటివి, పార్సిళ్లు తెలిసినవాళ్ల చిరునామాకి పంపించుకోండి. నేనదే చేశాను.

మొదటి కార్డు పర్లాకిమిడికే వేస్తానని నాన్న పట్టుబట్టారు. ఆయన తెలుగు మాస్టారు. గిడుగు రామమూర్తి గారు 1880లో రాజావారి బడిలో పంతులుగా చేరి, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకున్న ఊరది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది గానీ, బజారులో తెలుగుకి కొదవ లేదు. కార్డు నాకంటే ముందే వచ్చి ఉంది. "గిడుగు వారి ఊళ్లో ఉన్నావు, కాబట్టి మాట్లాడినట్టే రాస్తున్నాను. పెరట్లో కంది విరగకాసింది. నీ మేనకోడలు సైకిల్ మీద నుంచి పడి లేచింది, ఏడవలేదు." కౌంటర్ పక్కనే నిలబడి మూడుసార్లు చదివాను. రాజుగారి కోట చూశాను, లోపలికి వెళ్లలేదు. బస్టాండ్ దగ్గర లాడ్జి 600, గది చిన్నది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి.

అక్కణ్ణుంచి గుణుపూర్ దాకా ఉన్నది చక్కటి నడక దారి. ఎత్తుపల్లాలు తక్కువ, చాలా దూరం వంశధార తోడుంటుంది, మధ్యలో కాశీనగర్‌లో ఆగొచ్చు. గుణుపూర్ చేరింది లక్ష్మివారం పొద్దున. మార్గశిర లక్ష్మివారం మనకెంత పట్టింపో ఒడియా వాళ్లకీ అంతే. ప్రతి గడప ముందూ బియ్యప్పిండితో వేసిన ముగ్గులు, లక్ష్మీదేవి పాదాలు, వరి కంకులు. అమ్మ కూడా ఆ పూట పూజలోనే ఉంటుందని గుర్తొచ్చింది. అక్కడ ఉత్తరం ఏమీ పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే బాగుండేదని ఆ రోజంతా అనిపించింది. లాడ్జి రోడ్డు మీదే ఉంది, రాత్రంతా లారీల మోత. ఇంకోసారి వెళితే ఊరి లోపలికి వెళ్లి వెతుక్కుంటాను.

రాయగడకి శనివారం మధ్యాహ్నం చేరాను. కాళ్లు బొబ్బలెక్కి ఆలస్యం చేశాను, పోస్టాఫీసుకి వెళ్లేసరికి కౌంటర్ మూసేశారు. ఇంక సోమవారమే. మొదట చాలా టెన్షన్ పడ్డాను గానీ, ఆ ఒకటిన్నర రోజు ఈ ప్రయాణంలో నాకు దొరికిన పెద్ద విశ్రాంతి. ఆదివారం మజ్జిగౌరమ్మ గుడికి వెళితే సగం మంది మన పార్వతీపురం, విజయనగరం జనమే. తర్వాత నాగావళి మీది వేలాడే వంతెన చూసి వచ్చాను. తిండికి ఈ దారి మొత్తంలో రాయగడే మేలు. అన్నం, పప్పు, చారు మన ఇంట్లోలాగే పెడతారు, ఏ దుకాణంలోనైనా తెలుగులో అడగొచ్చు. నాన్న పాత శిష్యుడొకాయన అక్కడ బట్టల కొట్టు నడుపుతారు. అమ్మ పార్సిల్ ఆయన కొట్టుకే వచ్చింది. సున్నుండలు, రెండు జతల మేజోళ్లు, మోకాలికి రాసుకునే నూనె. "మాస్టారి అబ్బాయివి, లాడ్జిలో ఉంటావేటి నాన్నా" అని కోప్పడి ఆ రాత్రి ఇంట్లోనే పడుకోబెట్టారు. సోమవారం పోస్టాఫీసులో గుమస్తా అమ్మాయి నా పేరు వినగానే సొరుగులోంచి రెండు కార్డులు తీసి, "మీ నాన్నగారి చేతిరాత బాగుందండీ" అంది, తెలుగులోనే.

రాయగడ దాటాక దారి ఎక్కుడు మొదలవుతుంది. లక్ష్మీపూర్ చుట్టుపక్కల ఉండటానికి గదులు దొరకడం కష్టం. చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. టార్చి, నీళ్లు, ఒక పూట తిండి వెంట ఉంచుకోవాలి. ఆ దారిలోనే ఒక చిన్న ఊరి పోస్టాఫీసులో నాకు ఉత్తరం దొరకలేదు. దొరకలేదంటే, ఉంది. నాన్న ఏ ధ్యాసలో ఉన్నారో, ఇన్‌లాండ్ లెటర్ మీద నా పేరుకి బదులు "చిట్టి" అని రాశారు. ఇంట్లో నా పేరదే. ఆధార్‌లో పేరు వేరు కాబట్టి కౌంటర్‌లో కూర్చున్నాయన ఇవ్వనన్నారు. నియమం ప్రకారం ఆయనది తప్పు కాదు. వెనక పంపినవారి చిరునామాలో బొబ్బిలి అని ఉంది, నా కార్డులోనూ బొబ్బిలే ఉంది, ఒక్కసారి చూడండి అని బతిమాలాను. చూడకుండానే పక్కన పడేశారు. కళ్ల ముందున్న ఉత్తరాన్ని వదిలేసి మళ్లీ రోడ్డెక్కడం మోకాలి నొప్పి కంటే బాధ పెట్టింది. అందుకే చెబుతున్నాను, ఆధార్‌లో ఉన్న పేరే అక్షరం పొల్లు పోకుండా ఇంట్లో రాసిచ్చి వెళ్లండి.

కోరాపుట్ చల్లగా ఉంది. శబర శ్రీక్షేత్రం అనే జగన్నాథుడి గుడిలో దర్శనం చేసుకుని, పక్కనే ఉన్న గిరిజన మ్యూజియం చూశాను. దానికి పూట కాదు, పూర్తి రోజు పెట్టుకోవాలి. ఇక్కడి కాఫీ చుట్టుపక్కల తోటల్లో పండిందే, పొడి కొనుక్కున్నాను. పొద్దున రోడ్డు పక్కన తాగిన మండియా జావ, అంటే మన రాగి అంబలి, కాళ్లకి బలమిచ్చింది. నాన్న కార్డు మధ్యాహ్నం చేతికొచ్చింది. "దేవమాలి ఎక్కుతావు కదా, పైనుంచి మన వైపు చూడు. నాకు కనబడవులే, అయినా చూడు." సెమిలిగుడలో ఒక రోజు ఆగి దేవమాలి ఎక్కాను. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. బాగా పైదాకా రోడ్డుంది, చివర గడ్డి కొండ. గాలికి నిలబడటం కష్టమైంది. బొబ్బిలి ఎటుంటుందో అంచనా వేసుకుని అటే చాలాసేపు నిలబడ్డాను.

పొట్టంగి నుంచి సాలూరు ఘాట్ మాత్రం నడకకి ఎవరికీ చెప్పను. ఇది 26వ నంబరు జాతీయ రహదారి. వరసగా లారీలు, మలుపుల్లో నడిచేవాడికి జాగా లేదు. సగం దూరం దిగి, మిగతాది బస్సెక్కాను. కొండల అందం చూడాలంటే బస్సు కిటికీ చాలు.

నేను ఇంటికి చేరిన పదకొండో రోజు పోస్ట్‌మేన్ ఆ ఇన్‌లాండ్ లెటర్ వెనక్కి తెచ్చాడు. ఇంగ్లీషులో ఏదో ముద్ర వేసి ఉంది. నాన్న విప్పలేదు. నా మంచం మీద పెట్టి, నేను సాయంత్రం వచ్చేదాకా వీధి అరుగు మీద కూర్చున్నారు. విప్పి ఆయన ఎదురుగానే చదివాను, పెదాలు కనబడేలా, పైకే. "చిట్టీ, ఇక్కణ్ణుంచి అన్నీ ఎక్కుళ్లేనట. మెల్లిగా నడు. అమ్మ పంపిన నూనె రాసుకుంటున్నావా?"

"రాసుకున్నావా మరి?" అన్నారు.

"రాసుకున్నాను నాన్నా."