పెద్ద కంపెనీ డిజైన్ టీమా, చిన్న స్టూడియోనా?

ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ, హైదరాబాద్ నిఫ్ట్... ఎక్కడ డిజైన్ చదివినా, ఇంటర్న్‌షిప్‌లో నిపుణుల పనిని దగ్గరుండి చూసే అవకాశం వచ్చినప్పుడు ఈ సందేహం తప్పదు.

ఖర్చు
కంపెనీ: స్టైపెండ్ ఇచ్చే అవకాశం ఎక్కువ. బెంగళూరు అయితే హాస్టల్‌కే చాలావరకు పోతుంది.
స్టూడియో: డబ్బు తక్కువ, ఒక్కోసారి ఉండదు. మొహమాటపడకుండా ముందే అడగండి.

చూసేది
కంపెనీ: చిన్న మార్పుకైనా యూజర్ రీసెర్చ్, టెస్టింగ్, డెవలపర్లతో చర్చ ఎలా జరుగుతాయో తెలుస్తుంది. కానీ మీ వంతుకు ఒక్క స్క్రీనే రావచ్చు.
స్టూడియో: క్లయింట్ మొదటి ఫోన్ నుంచి ప్రింటింగ్ ప్రెస్ దాకా వెంట వెళ్లవచ్చు. తెర మీద ఆర్‌జీబీలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల కలయికలో) మెరిసిన రంగు, సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) ఇంకుల్లో కాగితం మీద ఎందుకు డల్ అవుతుందో అక్కడ కళ్లారా చూస్తారు. క్లయింట్ "నచ్చలేదు" అన్నప్పుడు సీనియర్ ఎదురు వాదించకుండా ఏ ప్రశ్న వేస్తారో గమనించండి. నా దృష్టిలో అన్నింటికన్నా విలువైన పాఠం అదే.

రిస్క్
కంపెనీ: ఎన్‌డీఏ (పని వివరాలు బయటపెట్టనన్న ఒప్పందం) సంతకం చేస్తే, పని పోర్ట్‌ఫోలియోలో పెట్టాలంటే టెన్షన్. ఏది చూపించవచ్చో మొదటి వారంలోనే రాతపూర్వకంగా తీసుకోండి.
స్టూడియో: డెడ్‌లైన్ ముంచుకొస్తే నేర్పే తీరిక ఎవరికీ ఉండదు.

యాప్‌ల వైపు వెళ్లాలని తేల్చుకుని, నాలుగైదు నెలల సమయం ఉన్నవారికి కంపెనీ మేలు. గ్రాఫిక్స్, ప్యాకేజింగ్ ఇష్టపడేవారికి, ఏ దారో ఇంకా తేలని రెండో ఏడాది వారికి స్టూడియో. రెండు వారాలే ఉన్నా స్టూడియోకే వెళ్లండి. పెద్ద ఆఫీసులో ఐడీ కార్డు, లాగిన్ వచ్చేసరికే కొన్ని రోజులు గడిచిపోతాయి.