జాగ్రత్త: ‘నూరు శాతం మెరినో ఊలు’ అని అమ్మారు, వేడినీళ్లలో వేస్తే బండారం బయటపడింది

ఆన్‌లైన్‌లో ఊలు దారం కొనేవాళ్లు, ముఖ్యంగా గాజు జార్లకు తొడుగులు అల్లుదామని ఈమధ్య సూదులు పట్టినవాళ్లు, ఆర్డర్ పెట్టే ముందు ఇది ఒకసారి చదవండి. మూడు ఉండలకు 1,347 రూపాయలు, పదకొండు రాత్రుల పని పోయాయి నాకు. డబ్బు కొంత వెనక్కి వచ్చింది.

మా ఆయన ఆఫీసుకి అర లీటరు గాజు జార్‌లో లెమన్ టీ పట్టుకెళ్తారు. మూత బిగించే రకం, మేసన్ జార్ అంటారే, అది. వేడిగా ఉంటే చేత్తో పట్టుకోలేరు, ఐసు వేస్తే చెమట పట్టి టేబులంతా తడి. దానికి మందంగా ఒక ఊలు తొడుగు వేస్తే బాగుంటుందనుకున్నాను. మా ఆడపడుచు చూసి “వదినా, నాకూ రెండు” అంది. సరే, నాలుగు తొడుగులకని ఆవాల రంగు దారం మూడు ఉండలు తెప్పించాను. ఒక్కోటి 449. పేరులోనే ‘నూరు శాతం ప్యూర్ మెరినో ఊల్’, కింద ‘100 గ్రాములు’, పక్కన వెదురు బుట్టలో ఉండలు పేర్చిన అందమైన ఫొటో. మెరినో అంటే ఒక జాతి గొర్రెల మెత్తటి ఉన్ని. దానికి ధర కాస్త తక్కువే అనిపించింది గానీ, పండగ సేల్ కదా అనుకున్నాను. అక్కడే పడ్డాను.

నేను చేద్దామనుకున్నది మామూలు తొడుగు కాదు, ఫెల్ట్ చేసింది. ఉన్ని పోగు మీద సన్నటి పొలుసులుంటాయి. వేడినీళ్లు, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని బట్ట కుదించుకుపోతుంది, దళసరిగా తయారవుతుంది. పిల్లల ఉన్ని స్వెటర్‌ని తెలియక వేడినీళ్లలో ఉతికి బొమ్మ స్వెటర్ చేసుకున్నవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ ప్రమాదాన్నే కావాలని చేయడం ఫెల్టింగ్. అందుకని తొడుగుని ముందు పెద్దదిగా అల్లుకోవాలి. మా జార్ చుట్టుకొలత 27 సెంటీమీటర్లు. నేను 5 ఎమ్ఎమ్ సూదుల మీద 60 కుట్లు ఎక్కించి 36 సెంటీమీటర్ల చుట్టుకొలతతో అల్లాను. నిలువునా ఇంకా ఎక్కువ కుదించుకుంటుంది కాబట్టి ఎత్తు 19 పెట్టాను, జార్ ఎత్తు 12 అయినా.

రెండు తొడుగులు పూర్తయ్యాక వాషింగ్ మెషీన్‌లో 60 డిగ్రీల మీద, రాపిడికి రెండు పాత జీన్స్ ప్యాంట్లు తోడేసి తిప్పాను. తీసి టేపు పెడితే 36. మళ్లీ తిప్పాను. 36. మూడోసారి మరిగే నీళ్లు బకెట్‌లో పోసి, కర్రతో అరగంట కుమ్మాను. ఈసారి తేడా వచ్చింది. 38! కుదించుకోవాల్సింది సాగింది. పట్టుకుంటే ఉడికిన సేమ్యాలా వేలాడుతోంది, రిబ్ అల్లిన అంచులో బిగువన్నదే లేదు. జార్‌కి తొడిగి పైకెత్తితే తొడుగు చేతిలో మిగిలింది, జార్ కిందకి జారింది. ప్లాట్‌ఫామ్ మీద పరిచిన తువ్వాలు పుణ్యమా అని పగల్లేదు. ప్లాస్టిక్ లాంటి కృత్రిమ దారం, అదే అక్రిలిక్, దానికి ఎక్కువ వేడి తగిలితే ఇదే జరుగుతుందట, పోగు మెత్తబడి సాగిపోతుంది, ఇక వెనక్కి రాదు.

అమ్మకందారుకి ఫొటోలు పెట్టాను. జవాబు రెండు గంటల్లోనే వచ్చింది, మర్యాదగానే. “మేడమ్, ఇది సూపర్‌వాష్ మెరినో, కుదించుకోదు.” ఇది విని వెనక్కి తగ్గకండి. సూపర్‌వాష్ ఉన్ని నిజంగానే ఉంది. ఆ పొలుసుల్ని రసాయనాలతో అణిచేస్తారు, అది ఫెల్ట్ అవదు. అందుకే కుదించుకోకపోవడం ఒక్కటే సాక్ష్యం కాదు. కానీ సూపర్‌వాష్ అయినా ఉన్ని ఉన్నే, నిప్పు పెడితే ఉన్నిలాగే కాలాలి.

స్టీలు పళ్లెం సింకులో పెట్టి, రెండంగుళాల దారాన్ని పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల అంటించాను. భగ్గున అంటుకుని, నల్లటి పొగ వదిలి, చుక్కలా కరిగి పళ్లెంలో పడింది. చల్లారాక చూస్తే మిరియపు గింజంత నల్లటి గట్టి పూస. గోటితో నొక్కితే పగల్లేదు. నిజమైన ఉన్ని తొందరగా అంటుకోదు, మంట తీసేస్తే తనంతట తనే ఆరిపోతుంది, జుట్టు కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. మా అత్తయ్యది మహబూబ్‌నగర్ వైపు ఊరు. గొంగళ్లు నేసే కురుమవాళ్ల ఇళ్ల పక్కనే పెరిగిన మనిషి. వాసనకి వంటింట్లోకి వచ్చి ఒక్కసారి ముక్కు పైకెత్తి చూసింది. “గొంగడి కాలితే ఎట్ల వాసనొస్తదో నాకెర్కలేదా బిడ్డా? గిది ప్లాస్టిక్ వాసన. ఊలెట్లయితది?” అంది. ఆరా తీసింది ఎన్ని రూపాయలని. చెప్పలేదు.

(చేసేవాళ్లు జాగ్రత్త. అక్రిలిక్ కరిగి పడే చుక్క చర్మానికి అంటుకుని కాలుస్తుంది. చేత్తో పట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు.)

ఇంకో పరీక్ష మంట అక్కర్లేనిది. గాజు గిన్నెలో బట్టల బ్లీచ్, అంటే సోడియం హైపోక్లోరైట్ ఉండేది, కొంచెం పోసి దారం ముక్క వేసి రాత్రంతా వదిలేయండి. ఉన్ని కరిగిపోతుంది. అక్రిలిక్ అలాగే ఉంటుంది. నా ముక్క పొద్దునకి రంగు కూడా పెద్దగా మారకుండా హాయిగా తేలుతోంది. కిటికీ తెరిచి చేయండి, ఆ బ్లీచ్‌లో టాయిలెట్ క్లీనర్ లాంటిదేదీ కలపకండి, విషవాయువు వస్తుంది. రెండూ కలిపి వడికిన దారమైతే కొంత కరిగి కొంత మిగులుతుంది, అదీ పట్టించేస్తుంది.

అనుమానం వచ్చాక విప్పకుండా మిగిలిన ఉండని వంటింటి కాటా మీద పెట్టాను. 82 గ్రాములు. ఉన్ని గాలిలో తేమని బట్టి బరువు మారుతుంది, నాలుగైదు గ్రాములు తేడా ఉంటే పోనీలే అనుకోవచ్చు. 18 గ్రాములా? చుట్టు కాగితం మీద దారం చిలప మెలిపెట్టినట్టు ఓ నల్లగీతల బొమ్మ. ఊల్‌మార్క్ ముద్రలా ఉందే అనిపించేటట్టు వేశారు, అది మాత్రం కాదు. అసలు ఊల్‌మార్క్ ఉన్ని వస్తువులకి 1964 నుంచి ఉన్న గుర్తు, లైసెన్స్ తీసుకున్నవాళ్లే వేసుకోవాలి. నాకు వచ్చిన కాగితం మీద తయారీదారు పేరు లేదు, చిరునామా లేదు, దారంలో ఏముందో కూడా లేదు. ‘సాఫ్ట్ ఊల్ యార్న్’ అని మాత్రమే. అంటే వెబ్‌సైట్‌లో ‘నూరు శాతం మెరినో’, వస్తువు మీద ‘సాఫ్ట్ ఊల్’. ఈ తేడా పార్సిల్ విప్పిన రోజే చూసుండాల్సింది.

మన మాటలో కూడా ఒక చిక్కుంది. అల్లే దారం ఏదైనా మనం ‘ఊలు’ అనే అంటాం. చిన్నప్పుడు అమ్మావాళ్లు అల్లిన ‘ఊలు’ స్వెటర్లలో చాలావరకు క్యాష్‌మిలాన్ అనే అక్రిలిక్కే. ఆ వాడుక మీదే ఇలాంటి అమ్మకందారులు బతుకుతున్నారు. చలికాలంలో కోఠీలో స్వెటర్లు అమ్మే టిబెటన్ ఆంటీని కిందటేడు “ఇది ఊలేనా?” అని అడిగితే, “నహీ బేటీ, క్యాష్‌మిలాన్” అని మొహం మీదే చెప్పింది. అక్రిలిక్ చెడ్డదని కాదు, స్వెటర్‌కి, బొమ్మలకి బానే ఉంటుంది. జార్ తొడుగుకి మాత్రం పనికిరాదు. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుని కూడా తడిగా తగలదు, ఐసు జార్ చెమటంతా తనలో దాచుకుంటుంది. అక్రిలిక్ పీల్చదు, ఆ నీళ్లు అడుగు నుంచి కారతాయి.

రిటర్న్ గడువు ఏడు రోజులు, నేను అల్లడానికే పదకొండు. “వాడిన వస్తువు, వాపసు కుదరదు” అన్నారు. అప్పుడు వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 పేరు రాసి, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదని, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పి నెలలో పరిష్కరించాల్సిన బాధ్యత వెబ్‌సైట్‌దని గుర్తుచేస్తూ మెయిల్ పెట్టాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకుని ఆ మెయిల్‌లో వేశాను. వాళ్ల గొంతు మారింది. విప్పని ఉండకీ, సగం వాడిన ఉండకీ కలిపి 898 ఇచ్చారు. మూడోదాని నష్టం నాదే. అంత దూరం వెళ్లగలిగానంటే ఆ ప్రకటన పేజీని ఆర్డర్ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం వల్ల. అది కూడా తెలివితో కాదు, రంగు బాగుందా అని చెల్లికి పంపడానికి తీశాను.

కాబట్టి పార్సిల్ రాగానే, సూది పట్టకముందే, రెండంగుళాల దారం కాల్చి చూడండి, ఉండ తూకం వేయండి, చుట్టు కాగితం పారేయకండి. ఎన్ని తొడుగులకి చాలే దారం కొన్నా ముందు అరచేయంత ముక్క అల్లి వేడినీళ్లలో వేసి చూడండి. అన్నట్టు జార్ గురించి కూడా ఒక మాట: ఇలాంటి జార్లు ఎక్కువగా మామూలు గాజే, ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే మరిగే టీ పోస్తే చిట్లుతాయి. తొడుగు ఎంత మంచిదైనా దాన్ని ఆపలేదు.

నిన్న రాత్రి ఆ పేజీ మళ్లీ తెరిచి చూశాను. పాతది తీసేశారు. కొత్త షాపు పేరుతో ‘ప్రీమియం మెరినో బ్లెండ్’ అని పెట్టారు, ధర 499. ఫొటోలో అదే వెదురు బుట్ట, అదే ఆవాల రంగు.