గొడ్డలీ పారా ఒకే కామకు: పులాస్కీ ఎలా ఉంది?

ముందే చెప్పేస్తాను. పులాస్కీ గొప్ప గొడ్డలి కాదు, గొప్ప పారా కాదు. చెట్టు నరకడమే పని అయితే మామూలు గొడ్డలి మేలు. కాలువ తీయడమే పని అయితే వెడల్పాటి పార మేలు. అయినా పనిముట్ల బండి తలుపు తీసి, ఒక్కటే తీసుకుని కొండ ఎక్కమంటే మాత్రం నా చెయ్యి దీని మీదికే పోతుంది.

చూడనివాళ్ల కోసం: మూడడుగుల కామ, సాధారణంగా హికరీ అనే గట్టి చెట్టు కర్రతో చేసినది. తల బరువు రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. మా బృందంలో వాడిన కౌన్సిల్ టూల్ కంపెనీ వారిది మూడుముప్పావు పౌన్లు, అంటే సుమారు కిలో ఏడు వందల గ్రాములు. ఒకవైపు నిలువుగా గొడ్డలి ధార, రెండోవైపు అడ్డంగా సన్నటి పార. ధర దుకాణాన్ని బట్టి మారుతుంది కానీ, మంచి దానికి తక్కువ డబ్బు పెడదామనుకోకండి.

నేను దీన్ని తోటపనికి కొనలేదు. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా దిగువ కొండల్లో, ప్లాసర్‌విల్ చుట్టుపక్కల, కన్జర్వేషన్ క్రూ ఒకదానిలో పనిచేశాను. అడవి బాటలు బాగుచేయడం, మంటలకు మేతయ్యే పొదలు తీసేయడం, కొండల్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్ల చుట్టూ చెత్తాచెదారం తొలగించడం మా పని. ఇలాంటి బృందాలు చాలా, 1993లో పుట్టిన అమెరికార్ప్స్ అనే ప్రభుత్వ సేవా కార్యక్రమం కింద నడుస్తాయి. తిండికి సరిపోయే భత్యం ఇస్తారు, గడువు పూర్తయితే చదువుకు కొంత సొమ్ము ఇస్తారు. దీనికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. విద్యార్థి వీసా మీద, హెచ్4 (హెచ్1బి ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద ఉన్న మన పిల్లలు తరచూ అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను: అమెరికార్ప్స్ కింద కుదరదు. మీ ఊళ్లో సెలవురోజుల్లో బాటలు బాగుచేసే స్వచ్ఛంద బృందాలు ఉంటే వాటిని అడిగి చూడండి. అక్కడా చేతికి ఇచ్చేది ఎక్కువగా ఇదే పనిముట్టు.

దీని గొప్పతనం దుకాణంలో పట్టుకుని చూస్తే తెలియదు, వేరు అడ్డొచ్చినప్పుడు తెలుస్తుంది. కొండవాలు మీద బాట వేస్తున్నామనుకోండి. బాట సమతలంగా ఉండకూడదు, లోయవైపు కొద్దిగా వంగి ఉండాలి, వందకు ఐదు వంతున అన్నమాట. అప్పుడే వానపడిన నీళ్లు బాట వెంట పారకుండా అడ్డంగా జారిపోతాయి. ఆ వాలు కోసం మట్టి గీస్తూ పోతుంటే పాండరోసా పైన్ వేరు ఒకటి మణికట్టు లావున బయటపడుతుంది. పార వైపుతో దాని చుట్టూ మట్టి లాగేసి, అడుగున కూడా వేళ్లు దూరేంత ఖాళీ చేయాలి. అప్పుడు మణికట్టు తిప్పితే గొడ్డలి కిందికి వస్తుంది. బాట అంచు దగ్గర ఒక గాటు, అవతలి అంచు దగ్గర ఇంకో గాటు, రెండూ ఏటవాలుగా. మళ్లీ తిప్పి, పారను ముక్క కిందికి దూర్చి కామ మీద బరువు వేస్తే వేరు పెళ్లున లేచి వస్తుంది. ఇంత జరిగినా పనిముట్టు చేతిలోంచి దిగలేదు. ఇదే పని గొడ్డలి, పార వేరువేరుగా పెట్టుకుని చేస్తే, సగం సేపు రెండోది ఎక్కడ పెట్టామా అని వెతుక్కోవడమే.

వేరు కింద చేయి పెట్టి తడిమి చూడకుండా గొడ్డలి దించితే మాత్రం అడుగున రాయి ఉంటుంది. తప్పకుండా ఉంటుంది, సియెర్రా అంటేనే గ్రానైటు. అందుకే మా బృందనాయకురాలు రోజూ పొద్దున్నే ఒక మాట చెప్పేది: గొడ్డలి మట్టిని తాకకూడదు, పార చెట్టును నరకకూడదు. సాయంత్రం ఆకురాయి పట్టుకుని నోళ్లు పోయిన ధారలను సరిచేసేది కూడా ఆవిడే, కాబట్టి ఆ మాటకు బరువుండేది.

దీనికి పేరిచ్చిన ఎడ్ పులాస్కీ ఐడహో రాష్ట్రంలో వాలెస్ అనే గనుల ఊళ్లో అటవీ రేంజరు. 1910 ఆగస్టులో రెండు రోజుల్లోనే ముప్పై లక్షల ఎకరాల దాకా తగలబెట్టిన కార్చిచ్చులో, ఆయన నలభై మందికి పైగా ఉన్న తన మనుషులను ఒక పాత గని సొరంగంలోకి తోలాడు. బయటికి పరుగెత్తబోయిన వాళ్లను తుపాకీ చూపి ఆపాడు. కొందరు లోపలే పోయారు, ఎక్కువమంది బతికి బయటపడ్డారు. ఆయనకు కొలిమి పని వచ్చు. ఆ మంటల తర్వాత గొడ్డలినీ పారనూ ఒకే తలలో కలిపే పనిముట్టును తీర్చిదిద్దాడు. అలాంటి ఆలోచన అంతకుముందు ఎవరికీ రాలేదని కాదు, కానీ అడవి మనుషుల చేతుల్లో నిలిచింది ఆయన చేసిందే. వందేళ్లు దాటినా ఆకారం పెద్దగా మారలేదు. ఏటా కొత్త నమూనా దించే కంపెనీల వస్తువులు వాడే మనకు ఇది కాస్త వింతే.

పదును సంగతికి వద్దాం. కొత్త పులాస్కీ పెట్టెలోంచి తీసి నేరుగా పనికి పట్టుకెళ్లకండి. గొడ్డలి ధారను రెండు వైపులా, పార ధారను ఒకవైపే ఆకురాయితో తీయాలి, చేతికి దళసరి తొడుగు వేసుకుని. మధిరలో ఉన్న మా తాతయ్యకు ఒకసారి వీడియోలో చూపించాను. మిరప చేలల్లో అరవై ఏళ్లు గడిపిన మనిషి. ఫోను దగ్గరగా పెట్టించుకుని తల, కామ, కామ దూరిన కన్ను, అందులో దిగ్గొట్టిన చెక్క మేకు అన్నీ చూశారు.

"పదును లేకుండా పనిముట్టు అమ్మేవాడు ఎవడు తల్లీ?" అన్నారు ముందుగా.

"ఇక్కడ ఎవరిది వాళ్లే పెట్టుకుంటారు తాతయ్యా."

"కామ ఏ కర్ర?"

హికరీ అంటే ఆయనకు తెలియదు. తుమ్మ అయితే జన్మకు విరగదన్నారు. తర్వాత నన్ను నిలబడి పట్టుకోమని, "నీకు పొడవైంది, ఇంకొంచెం ముందుకు పట్టుకో" అన్నారు. ఇక్కడ శిక్షణలో నాకు ఎవరూ చెప్పని మాట అది. నేను ఐదడుగుల ఒక అంగుళం. కామ మొత్తం వాడుకోవాలని చివర పట్టుకుని ఊపితే మధ్యాహ్నానికే నడుము పట్టేసేది. పై చెయ్యి ముందుకు జరిపాక దెబ్బ కొంచెం చిన్నదైనా గురి కుదిరింది. పొట్టివాళ్లు కొనేముందు ఇది గుర్తుంచుకోండి. పొట్టి కామతో ఉన్నవి కూడా దొరుకుతాయి.

ఇళ్ల చుట్టూ చేసిన పని బాట పని కంటే మొండిది. 2021లో కాల్డోర్ మంటలు ఎల్ డొరాడో కౌంటీలోనూ దాని పక్కనా కలిపి రెండు లక్షల ఇరవై వేల ఎకరాలకు పైగా కాల్చాయి, గ్రిజ్లీ ఫ్లాట్స్ అనే చిన్న ఊరు చాలావరకు బూడిదైపోయింది. అప్పటి నుంచి ఆ కొండల్లో పొదలంటే జనానికి భయమే. రాష్ట్ర చట్టం ప్రకారం అలాంటి చోట ఇంటి చుట్టూ వంద అడుగుల మేర మంటకు మేత లేకుండా చూసుకోవాలి. డెబ్బై దాటిన మనిషి ఏటవాలు నేలమీద అది ఒక్కతే ఎలా చేస్తుంది?

అలాంటి ఒకావిడ ఇంటికి వెళ్లాం. వంటగది కిటికీ కింద జూనిపర్ పొద, పైకి పచ్చగా, ముచ్చటగా ఉంది. తీసేయాలంటే ఆవిడ ఒప్పుకోలేదు. కారణం అందం కాదు, ఆ పొద లేకపోతే పక్కింటాయన తుప్పుపట్టిన మూడు ట్రక్కులు రోజూ కనబడతాయట. మా నాయకురాలు వాదించలేదు. కొమ్మలు రెండు చేతులతో విడదీసి లోపల చూడమంది. పైన పచ్చదనం పలుచని పొర, లోపలంతా ఏళ్ల తరబడి రాలిన ఎండాకు, అరచేయి మందాన, చెక్కగోడకు ఆనుకుని. ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. ఆవిడ కాసేపు చూసి, "సరే, కానీ ఆ ట్రక్కుల సంగతి కూడా ఎవరైనా చూడాలి" అంది. పొదను రంపంతో కోశాం. మొద్దు తీయడానికి మాత్రం ఇద్దరం చెరో పులాస్కీ పట్టి మధ్యాహ్నం చాలాసేపు తవ్వాం. గోడ పక్కన ఇరుకులో పెద్ద గొడ్డలి ఊపే చోటు లేదు, వెడల్పు పార వేళ్ల మధ్య దూరదు. ఈ సన్న పార దూరింది.

ఆ వాలంతా పరుచుకున్న పసుపు పూల స్కాచ్ బ్రూమ్ పొదల మీద కూడా ఇది బాగా పనిచేస్తుంది, అయితే వానాకాలంలోనే. తడి నేలలో మొదలు పక్కన ఒక దెబ్బ వేసి లాగితే వేరుతో సహా వస్తుంది. ఎండాకాలం గట్టి నేలలో దానితో కుస్తీ పట్టడం వృథా. ఎలాగూ దాని గింజలు మట్టిలో దశాబ్దాలు బతికి ఉంటాయి, కాబట్టి మరుసటి ఏడు మళ్లీ వెళ్లాల్సిందే.

లోపాలూ ఉన్నాయి. రెండు వైపులా ధార ఉన్న వస్తువు కాబట్టి, పైకెత్తినప్పుడు ఒక ధార ఎప్పుడూ మీ వైపే చూస్తుంటుంది. అలసిపోయిన సాయంత్రాల్లో అది గుర్తుండాలి. భుజాన వేసుకుని నడవకూడదు. తల దగ్గర పట్టుకుని, లోయవైపు చేతిలో, ఒంటికి పక్కగా వేలాడదీసుకోవాలి. జారితే దాన్ని లోయలోకి విసిరేసి పడాలి. పక్క మనిషికి పదడుగుల దూరం తప్పనిసరి. ఇంకొకటి, తాకితే దద్దుర్లు వచ్చే పాయిజన్ ఓక్ మొక్కను నరికితే దాని జిడ్డు కామకు అంటుకుని ఉండిపోతుంది, వారం తర్వాత పట్టుకున్నవాడికి కూడా దద్దుర్లు రావచ్చు. పని అయిన రోజే సబ్బునీళ్లతో కడగండి. కామ ఎండి బీటలు పడకుండా ఏడాదికోసారి అవిసె నూనె రాయండి.

మెక్‌లౌడ్ కొనాలా, ఇది కొనాలా అని కొందరు అడుగుతారు. మెక్‌లౌడ్ ఒకవైపు పెద్ద పళ్ల పలక, ఒకవైపు వెడల్పు పార. గీసిన మట్టిని సర్దడానికి, ఎండాకులు ఊడ్చడానికి దానికి సాటి లేదు. వేరు అడ్డొస్తే మాత్రం అది నిస్సహాయం. ఇంట్లో ఒక్కటే పెట్టుకుంటే పులాస్కీయే. చదునైన పచ్చిక, గులాబీ మొక్కలు ఉన్న ఇల్లయితే రెండూ అక్కర్లేదు.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది పనిముట్టుకు కాదు, నేను కొన్న దుకాణానికి. రెండు ధారలున్న ఇనుమును అట్టముక్క చుట్టి చేతికిచ్చి, ధారలకు వేసే తొడుగు కావాలంటే వేరే డబ్బు కట్టమన్నారు.