ఎండకాలం సెలవుల్లో లెస్టర్: ఆడిన మైదానాలు, ఉన్న ఇళ్లు

"ఆడనీకె అంత దూరం పోతవా బిడ్డా?" అన్నది మా అమ్మ. ఆమె ఆశ్చర్యంలో తప్పేం లేదు. పాలమూరులో ఊరు దాటి పోవడమంటే పనికి పోవడమే. మా నాన్న తట్టా పారా పట్టుకుని బొంబాయి బస్సెక్కినవాడు. నేను 2025 ఎండకాలంలో ఇంగ్లండ్ పోయింది మాత్రం అచ్చంగా క్రికెట్ ఆడుకోవడానికి. జీతం లేదు, టోర్నీ లేదు, రమ్మని ఎవరూ పిలవలేదు.

జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని, అంటే ఆటల సార్‌ని. ఏటా ఏప్రిల్ చివర సెలవులివ్వగానే పొద్దున ఐదున్నరకి వేసవి శిబిరం పెట్టి, ఎనిమిదికల్లా ఎండకి భయపడి పిల్లల్ని ఇళ్లకి పంపేవాణ్ణి. ఈసారి శిబిరం ఇంకో సార్‌కి అప్పజెప్పి, లెస్టర్‌లో మా అక్క ఇంటికి ఆరు వారాలకి బయల్దేరాను.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. విజిటర్ వీసాకి నేను కట్టినప్పుడు 115 పౌండ్లు, మన లెక్కలో పదమూడు వేలకి దగ్గర. దాని మీద సరదాకి ఆడుకోవచ్చు, ఆడినందుకు పైసా పుచ్చుకోకూడదు. వీసా మూడు వారాల్లో వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగి దేశం దాటడానికి కావాల్సిన అనుమతి మాత్రం టేబుల్ నుంచి టేబుల్‌కి తిరిగి తిరిగి, టికెట్ కొన్నాక, ప్రయాణం నాలుగు రోజులుందనగా చేతికొచ్చింది. ఆ నాలుగు రోజుల ముందరి టెన్షన్ నా శత్రువుకి కూడా వద్దు. టీచర్లెవరైనా పోదలిస్తే జనవరిలోనే దరఖాస్తు పెట్టండి. మహబూబ్‌నగర్ వాళ్లకి ఒక సుఖం ఉంది. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా నేరుగా శంషాబాద్‌లో దిగొచ్చు. హైదరాబాద్ ట్రాఫిక్ మొహం చూడక్కర్లేదు.

మొదటి రెండున్నర వారాలు అక్కవాళ్లింట్లో. తిండికి లోటు లేదు. బెల్‌గ్రేవ్ రోడ్డు మీద గుజరాతీ దుకాణాల్లో కందిపప్పు, కరివేపాకు, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి. ఖర్చూ లేదు. కానీ ఆడటానికి పోయినవాడు బంధువుల ఇంట్లో ఉండటం కష్టమని నాకు నాలుగో రోజే అర్థమైంది. నేను ఆడే క్రికెట్ క్లబ్ మైదానం ఊరికి అవతలి చివర. రెండు బస్సులు మారాలి. అప్పట్లో బస్సు ఛార్జీ ఎంత దూరమైనా ఒక వైపుకి 3 పౌండ్లు దాటేది కాదు, అది మంచిదే, కానీ సాయంత్రమైతే బస్సులు పలచబడతాయి. మే నెలలో అక్కడ పొద్దు గూకేది రాత్రి తొమ్మిదికి. ఆరింటికి నెట్స్ (వల కట్టిన చోట ప్రాక్టీసు) మొదలుపెడితే ఎండ ఇంకా మన నాలుగింటిలా ఉంటుంది, వదిలిరాబుద్ధి కాదు. ఇటు ఎనిమిదికల్లా అక్క ఫోన్: "అన్నం చల్లారుతున్నదిరా, ఎప్పుడొస్తవ్?" బావ పైకి ఏమీ అనలేదు. ఒక రోజు మాత్రం, "బావమరిది వచ్చిండనుకున్న, పేయింగ్ గెస్ట్ వచ్చినట్టుంది" అని నవ్వాడు. నవ్వే, కానీ తగిలింది.

అందుకే మూడో వారంలో క్లబ్ పక్క వీధిలో ఒక పెద్దావిడ ఇంట్లో పై గది తీసుకున్నాను. క్లబ్ వాళ్లే చూపించారు. వారానికి 90 పౌండ్లు, మూడు వారాలకి ముప్పై వేల పైచిలుకు. గది చిన్నది, మంచం కిర్రుమనేది, కిటికీ తీస్తే మైదానం మాత్రం అంతా కనిపించేది. నియమాలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి ఉంచింది: రాత్రి పది తర్వాత షవర్ వద్దు, కెటిల్‌లో కావాల్సినన్ని నీళ్లే పోయాలి, బూట్లు గుమ్మం బయటే. మూడోది చూసి మనూరే అనుకున్నాను. పోపు వేస్తే పొగకి అలారం మోగింది. ఆ రోజు నుంచి పెరుగన్నం, అక్క కట్టిచ్చిన పచ్చడి. బాత్రూంలో నీళ్ల సంగతి మనవాళ్లందరికీ తెలిసిందే, ఒక ఖాళీ సీసా దగ్గర పెట్టుకోండి, అంతే. ఆరు వారాల్లో నాకు పనికొచ్చిన ఖర్చు ఏదంటే ఈ గది అద్దె అనే చెప్తాను.

ఇక క్రికెట్. మా బావ ఆఫీసాయన ఒకరు ఆదివారం స్నేహపూర్వక మ్యాచ్‌లాడే జట్టులో చేర్పించాడు. మ్యాచ్‌కి 10 పౌండ్లు మనమే కట్టాలి, అందులోనే టీ. టీ అంటే మన గ్లాసు టీ కాదు. రెండు ఇన్నింగ్స్ మధ్యలో కీరదోస సాండ్‌విచ్‌లు, కేకులు, ఓ పెద్ద కెటిల్‌తో పూర్తి పలహారం. ఆట ఎలా ఆడావని ఎవరూ అడగలేదు గానీ, నేను తీసుకుపోయిన సకినాలు మొదటి ఆదివారమే ఖాళీ.

ఆట సంగతి నిజం చెప్పాలి. నేను మ్యాటింగ్ వికెట్ మీద, అంటే చాప పరిచిన పిచ్ మీద పెరిగినవాణ్ణి. బంతి పడి నేరుగా పైకి లేస్తుంది, అడ్డంగా కొట్టేయడమే. అక్కడ డ్యూక్స్ బంతి, లేచి ఉండే కుట్టు, పచ్చిక పిచ్. బంతి గాల్లోనే పక్కకి జరుగుతుంది, పడ్డాక ఇంకో పక్కకి పోతుంది. మొదటి మూడు ఇన్నింగ్స్‌లో కలిపి పదకొండు పరుగులు. రబ్బరు బూట్లతో రనప్‌లో జారి పడ్డాను కూడా. ఇనుప స్పైకుల బూట్లు 40 పౌండ్లు పెట్టి కొన్నాక నిలబడగలిగాను. అవి కొనకుండా పోవద్దు, ఇక్కడే కొని తీసుకుపోతే ఇంకా చవక. మే మొదట్లో గాలి చలిగా ఉన్న రోజున ఒళ్లు వేడెక్కించకుండా బౌలింగ్ వేసి తొడ పట్టేసింది. పిల్లలకి రోజూ వార్మప్ పాఠం చెప్పే నేనే. బౌండరీ అవతల పొదల్లో పడ్డ బంతి కోసం చేయి పెడితే ముట్టుకోగానే మండే ఆకు ఒకటి, దూలగొండికి చుట్టం. దాన్ని పేరు పెట్టి తిట్టడం జట్టంతా నాకు నేర్పింది.

అదృష్టం ఒక్కటే, వాన లేకపోవడం. ఆ ఏడు వసంతం అక్కడి రికార్డుల్లోనే అన్నిటికన్నా ఎక్కువ ఎండ కాసిన వసంతమట. మే చివరి దాకా మాకు ఒక్క మ్యాచ్ కూడా పోలేదు. స్వెటర్లు మోసుకుపోయినవాణ్ణి టీషర్టులు కొనుక్కున్నాను.

పరుగులు రాకపోయినా జట్టులో చోటు దొరికింది గీతల వల్ల. శనివారం సాయంత్రం మైదానం చూసుకునే పెద్దాయన ఒక్కడే రంగు బండి తోసుకుంటూ క్రీజు గీతలు వేస్తుంటే, పోయి తాడు పట్టుకున్నాను. ఆ పని నాకు చేతికొచ్చిన పని. ముగ్గుపిండితో కబడ్డీ కోర్టులు, రన్నింగ్ ట్రాకులు గీసీ గీసీ వంకర లేకుండా నడవడం వచ్చు. ఆయన రెండు గీతలు చూసి బండి నాకిచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత రోలర్, స్కోరుబోర్డు, టీ కప్పులు కడగడం అన్నిట్లో చేయి పెట్టాను. కొత్తవాడితో వాళ్లు వెంటనే మాట కలపరు. అలాగని తలపొగరేమీ కాదు. చేతిలో పని ఉంటే పక్కన నిలబడి గంటసేపైనా మాట్లాడతారు. స్కోరు రాసే గుజరాతీ అమ్మ ఉగాండాలోని కంపాలాలో పుట్టిందట. 1972లో అక్కడి నియంత ఇడి అమీన్ మనవాళ్లను వెళ్లగొడితే ఒక్క సూట్‌కేసుతో లెస్టర్ వచ్చిన కుటుంబం. ఆమె స్కోరు పుస్తకం దస్తూరి చూసి మా పదో తరగతి పిల్లలకి చూపించాలని ఫోటో తీసుకున్నాను.

జట్టులో ముగ్గురు కుర్రాళ్ల తాతలది పాకిస్తాన్ వైపు కశ్మీర్‌లోని మీర్‌పూర్. మే 7 పొద్దున ఆపరేషన్ సిందూర్ వార్త వచ్చాక వాట్సాప్ గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. 9న ఐపీఎల్ ఆపేశారు. నెట్స్‌కి పోవాలా వద్దా అని అక్కవాళ్లింట్లో చర్చ. బావ వద్దన్నాడు, గొడవెందుకని. 10న కాల్పుల విరమణ అన్నారు. 11 ఆదివారం మ్యాచ్, నేను పోయాను. డ్రెస్సింగ్ రూంలో ప్యాడ్ల చప్పుడు తప్ప మాట లేదు. ఆ ముగ్గుర్లో మా ఓపెనింగ్ బౌలరూ నేనూ టీ టైమ్‌లో ఒకే బెంచీ మీద పడ్డాం. చాలాసేపటికి అతనే మీది హైదరాబాదా అని అడిగాడు. కాదు, కింద, కృష్ణ ఒడ్డు దిక్కు అన్నాను. మా అమ్మ పుట్టిల్లు కొల్లాపూర్ వైపు, శ్రీశైలం ముంపులో పోయింది, 1981లో ఖాళీ చేయించారు అని ఎందుకు చెప్పానో తెలియదు. అతను కప్పు కింద పెట్టి, మాదీ అంతే అన్నాడు. మీర్‌పూర్ దగ్గరి మంగ్లా డ్యామ్ 1967లో పూర్తయింది, లక్ష మందికి పైగా ఊళ్లు వదిలారు, అతని తాత అలాగే ఇంగ్లండ్ మిల్లులో పనికి వచ్చాడు. ఎండాకాలంలో నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుందని, సోమశిల నుంచి పడవలో పోయి చూస్తామని చెప్పాను. పాత మీర్‌పూర్‌లో కూడా నీళ్లు తగ్గితే దర్గాలూ గుళ్లూ తేలుతాయట. వాళ్ల నాయనమ్మ బతికున్నన్నాళ్లూ ఫోన్‌లో వాటి ఫోటోలు అడిగేదట. అంపైర్ పిలిచాడు, లేచి ఫీల్డింగ్‌కి పోయాం. ఆ రోజు అతని బౌలింగ్‌లో స్లిప్‌లో ఒక క్యాచ్ వదిలేశాను. ఉర్దూలో తిట్టాడు. మన దక్కనీ ఉర్దూలో తిరిగి తిట్టాను. జట్టు మొత్తం నవ్వింది.

పైసా ఖర్చు లేని సేవ ఒకటి చెప్పాలి, పార్క్‌రన్. ప్రతి శనివారం పొద్దున 9కి, 5 కిలోమీటర్లు, ఉచితం. 2004లో లండన్ బుషీ పార్క్‌లో 13 మందితో మొదలైందట. లెస్టర్‌లో విక్టోరియా పార్క్‌లో పరుగెత్తాను. ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని బార్‌కోడ్ వెంట తెచ్చుకోవాలి. మొదటి వారం అది మర్చిపోయాను. పరుగెత్తనిచ్చారు, టైమ్ మాత్రం ఇవ్వలేదు. బతిమాలినా లాభం లేదు. నడిచేవాళ్లు, బిడ్డను బండిలో తోస్తూ పరుగెత్తే తల్లులు, డెబ్బై ఏళ్లవాళ్లు అందరూ ఉంటారు. అందరికన్నా వెనక వచ్చేవాడు ఒంటరి కాకుండా ఒక వాలంటీరు అతని వెనకే నడుస్తాడు. మా స్కూల్ పరుగు పందేల్లో చివరి పిల్లాడి కోసం ఎవరూ ఆగిందే లేదు. బ్యాడ్మింటన్‌కి మున్సిపాలిటీ వాళ్ల స్పోర్ట్స్ సెంటర్‌కి రెండుసార్లు పోయాను. కోర్టు బాగుంది, గంటకి పది పౌండ్ల పైన. నలుగురు పంచుకుంటేనే గిట్టుబాటు.

చూడటానికి పోయిన వాటిల్లో ట్రెంట్ బ్రిడ్జ్ క్రికెట్ స్టేడియానికి నూరు మార్కులు. రైల్లో నాటింగ్‌హామ్ అరగంట. మే 23న ఇంగ్లండ్, జింబాబ్వే టెస్ట్ రెండో రోజు. ఇంగ్లండ్ 565 దగ్గర డిక్లేర్ చేసింది, అటు బ్రయన్ బెనెట్ ఒక్కడు నిలబడి 139 కొట్టాడు. స్టేడియం అంతా లేచి నిలబడి అతనికి చప్పట్లు. సంచిలో పులిహోర డబ్బా పెట్టుకుపోతే ఎవరూ ఆపలేదు. మన దగ్గర నీళ్ల సీసాకే గేటు దగ్గర గొడవ. జూన్ 6న జట్టువాళ్ల కార్లో నార్తాంప్టన్ పోయి ఇండియా ఎ మ్యాచ్‌లో కేఎల్ రాహుల్ సెంచరీ చూశాను. చిన్న మైదానం, బౌండరీ తాడు పక్కనే కూర్చోవచ్చు.

లండన్‌లో రెండు రాత్రులు మాత్రం దండగ. ఎనిమిది మంచాల హాస్టల్ గది, తువ్వాలుకి వేరే డబ్బులు, తెల్లవార్లూ ఎవడో ఒకడు రావడం పోవడం. ఫిర్యాదు చేస్తే చెవిలో పెట్టుకునే దూది ఇచ్చారు. లార్డ్స్ క్రికెట్ మైదానం మ్యూజియంలో, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా పోటీపడే యాషెస్ బుడ్డి ఎంత చిన్నదో చూడటం తప్ప మిగిలిందేమీ లేదు. లెస్టర్ నుంచి లండన్ గంటా పది నిమిషాలు. టికెట్ ముందే కొనుక్కుని పొద్దున పోయి రాత్రికి వచ్చేయడం మేలు. విమానంతో సహా మొత్తం ఖర్చు లక్షా ఎనభై వేలయింది. అందులో లండన్ వాటా తీసేస్తే నాకు బాధ లేదు.

చివరి శుక్రవారానికి ముందు వారం, మే నెలాఖరు వానలకి ఒక సాయంత్రం నెట్స్ రద్దయ్యాయి. మార్చిలో పక్కనే వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో కబడ్డీ ప్రపంచ కప్ జరిగింది, మనవాళ్లే గెలిచారు. దాని మాట రాగానే ఆ ఆటేదో చూపించమన్నారు. రంగు బండి తీసుకుని మైదానం మూల 13 మీటర్లు, 10 మీటర్లు కోర్టు గీశాను. తడి గడ్డి మీద అరవై దాటిన మైదానం పెద్దాయన కూడా కబడ్డీ కబడ్డీ అంటూ ఒక కూత పెట్టాడు. మధ్యగీత దాటకముందే దమ్ము తెగింది.

జూన్ 12న మా బడి తెరిచారు. మొదటి వారంలోనే ఓపెనింగ్ బౌలర్ ఫోటో పంపాడు. మైదానం మూల గడ్డి ఎంత కోసినా కబడ్డీ కోర్టు గీతలు పోవడం లేదట. ఆ మూల డీప్ ఫైన్‌లెగ్‌లో ఫీల్డింగ్‌కి నిలబడ్డవాడు బోనస్ లైన్ దాటొచ్చా లేదా అని అడుగుతున్నాడు.