ఖావో సోక్‌లో పిల్లలతో ట్యూబింగ్ బుక్ చేసేముందు ఇది చదవండి

థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ వెళ్ళే మనవాళ్ళు చాలామంది ఈ మధ్య ఖావో సోక్ అడవిని కూడా ప్లాన్‌లో పెట్టుకుంటున్నారు. తప్పకుండా వెళ్ళండి, అంత అందమైన అడవి నేనెక్కడా చూడలేదు. కానీ వానాకాలంలో సోక్ నదిలో ట్యూబింగ్‌కి, అంటే గాలి కొట్టిన ట్యూబు మీద కూర్చుని నదిలో తేలుతూ వెళ్ళడానికి, ముందే మొత్తం డబ్బు కట్టేయకండి. మేం అక్టోబరులో అదే పని చేశాం. మా పాపకి పదకొండేళ్ళు.

ఫుకెట్‌లో హోటల్ పక్కనే ఉన్న ఒక టూర్ల కౌంటర్‌లో బుక్ చేశాం. నేను, మా ఆవిడ, పాప, మా బావమరిది. మనిషికి 1,800 బాట్ చొప్పున 7,200 ముందే కట్టించుకున్నారు. వాళ్ళు చూపించిన ఫొటోల్లో నీళ్ళు పచ్చగా, నిశ్చలంగా ఉన్నాయి. పిల్లల సైజు లైఫ్ జాకెట్, వెంట గైడ్, ఇన్సూరెన్స్ అన్నీ ఉన్నాయన్నారు. రసీదు మీద మాత్రం పేరు, డబ్బు, ఒక సంతకం తప్ప ఇంకేమీ లేవు.

వ్యాన్‌లో దాదాపు మూడు గంటల ప్రయాణం. ముందురోజు రాత్రంతా వాన. ఆ అడవిలో ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది, అందులో ఎక్కువ భాగం మే, నవంబరు మధ్యలోనే. మేం రేవుకి చేరేసరికి ఎండ కాస్తోంది, నీళ్ళు మాత్రం టీ రంగులో ఉన్నాయి. "రోజూ ఇంతే, నో ప్రాబ్లం" అన్నాడు అక్కడి కుర్రాడు. మా ఆవిడది రాజమండ్రి. నన్ను పక్కకు పిలిచి, "ఏవండీ, వరదప్పుడు గోదావరి ఇలాగే ఉంటుంది, వద్దండీ" అంది. 2019లో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిందీ నది వరద మీద ఉన్నప్పుడే. వెనక్కి వెళ్ళిపోతామన్నాం. దిగినా దిగకపోయినా డబ్బు వాపసు లేదన్నారు. ఆ 7,200 బాట్ కోసం నేను సరేనన్నాను. దానికి ఇప్పటికీ బాధపడుతున్నాను.

పాపకి ఇచ్చిన జాకెట్ పెద్దవాళ్ళది. మూడు క్లిప్పుల్లో ఒకటి విరిగిపోతే దాని బదులు నైలాను తాడు కట్టారు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్ చెవుల దాకా వచ్చేసింది. నీళ్ళలో పడితే పిల్ల కిందికి జారిపోతుంది, జాకెట్ పైన తేలుతుంది. ట్యూబులు లారీ టైర్లలో వేసేవి. గాలి కొట్టే వాల్వు లోపలివైపుకి వేలెడు పొడవున పొడుచుకొచ్చి ఉంది, దానికి గుడ్డ గానీ టేపు గానీ చుట్టలేదు. అది గీరుకుని మా బావమరిది తొడ మీద జానెడు పొడవున చర్మం లేచిపోయింది. ఇక గైడ్ సంగతి. ఆ కుర్రాడే మమ్మల్ని నీళ్ళలోకి తోసి, కింద రేవులో ఉంటానని బైక్ మీద వెళ్ళిపోయాడు.

మొదటి అరగంట హాయిగానే సాగింది. నిటారుగా సున్నపురాయి కొండలు, నీళ్ళ మీదికి వంగిన వెదురు పొదలు, దూరంగా గిబ్బన్ల (తోకలేని కోతుల్లాంటివి) కూతలు. తర్వాత నీళ్ళు చిక్కబడ్డాయి. ఆకులు, పుల్లలు, ఒక అరటి బోదె మమ్మల్ని దాటుకుని వెళ్ళాయి. మా నెత్తిన చినుకు లేదు, పైన కొండల్లో ఎక్కడో కురుస్తోంది. ఒక మలుపు తిరిగేసరికి నదికి అడ్డంగా పడిపోయిన చెట్టు. నీళ్ళు దాని కొమ్మల్లోంచి జల్లెడలోంచి పోయినట్టు పోతాయి. మనిషి మాత్రం అక్కడే చిక్కుకుపోతాడు, వెనకనుంచి వచ్చే నీటి వడి కదలనివ్వదు. పాప ట్యూబు నేరుగా దాని మీదికే పోతోంది. మా బావమరిది ఆ ట్యూబు తాడు అందుకుని, కాళ్ళతో తన్నుకుంటూ ఒడ్డువైపు లాగాడు. మూరెడు దూరంలో తప్పింది. వెదురు పొద పట్టుకుని గట్టెక్కి, రబ్బరు తోటలోంచి రోడ్డు దాకా నడిచాం. పాప ఏడవలేదు. నా చొక్కా కొస మాత్రం రోడ్డెక్కేదాకా వదల్లేదు.

కౌంటర్‌లో అడిగితే "మధ్యలో దిగిపోయింది మీరే కదా" అన్నారు. ఇన్సూరెన్స్ కాగితం చూపించనే లేదు. మా హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయి టూరిస్ట్ పోలీసుల నంబరు 1155కి ఫోన్ చేసి మాట్లాడాక పాప టికెట్ డబ్బు ఒక్కటీ తిరిగిచ్చారు. ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. అదే ఖావో సోక్‌లో 2007 అక్టోబరులో నామ్ తాలు గుహలోకి ఒక్కసారిగా వరద వచ్చి పర్యాటకులు, గైడ్లు చనిపోయారని ఆ రాత్రి తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఎవరెంత చెప్పినా నేను దిగేవాణ్ణి కాదు.

థాయ్‌లాండ్‌లో టూర్లు అమ్మాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, ముందు ఆ నంబరు అడగండి. నది పెరిగితే డబ్బు వాపసు ఇస్తామని రసీదు మీదే రాయించుకోండి. వీలైతే ఖావో సోక్‌లోనే ఒక రాత్రి ఉండి, పొద్దున నీళ్ళు చూసుకున్నాకే డబ్బు కట్టండి. ఎండలు ముదిరాక వెళ్తే ఇంకో ఇబ్బంది, నీళ్ళు తగ్గి ట్యూబులు రాళ్ళకి తగులుతాయి. పొరపాటున ట్యూబు మీంచి పడితే, వడిగా పారే నీళ్ళలో నిలబడాలని చూడొద్దు, రాళ్ళ మధ్య పాదం ఇరుక్కుంటుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్ళు ముందుకు పెట్టి ఒడ్డువైపు జరగాలి. దిగేముందు పిల్లల జాకెట్ భుజాలు పట్టి గట్టిగా పైకి లాగి చూడండి. చెవుల దాకా వస్తే అక్కడే విప్పి ఇచ్చేయండి.