షార్లెట్ జనరల్ కాన్ఫరెన్స్: ప్రతినిధిగా నా అభిప్రాయం

2024 ఏప్రిల్ 23 నుంచి మే 3 వరకు అమెరికాలోని షార్లెట్ నగరంలో జరిగిన యునైటెడ్ మెథడిస్టు క్రైస్తవ సంఘ జనరల్ కాన్ఫరెన్స్‌లో, అంటే సంఘ నియమాలను చేసే అత్యున్నత సభలో, నేను విశ్వాసుల పక్షాన ప్రతినిధిగా పాల్గొన్నాను. 2028లో మినియాపోలిస్ సభకు ఎన్నికయ్యేవారికి ఉపయోగపడుతుందన్న ఆశతో ఈ సమీక్ష రాస్తున్నాను.

862 స్థానాల్లో సగం పాస్టర్లవి, సగం మావంటి సామాన్య విశ్వాసులవి. సంఘమంతటి తరఫున మాట్లాడే అధికారం ఈ సభకే ఉంది. బిషప్పులు అధ్యక్షత వహిస్తారు గాని, వారికి ఓటు లేదు.

బయటివారి కళ్ళు పెద్ద హాలు మీదే ఉంటాయి కాని, అసలు పని మొదటి వారంలో, పద్నాలుగు శాసన కమిటీల గదుల్లో జరుగుతుంది. మా గదిలో ఒక పిటిషన్‌లో, అంటే సభ ముందుకు వచ్చిన ప్రతిపాదనలో, ‘చేయవచ్చు’ అని ఉండాలా, ‘చేయవలెను’ అని ఉండాలా అన్న ఒక్క మాట మీదే చాలాసేపు చర్చ సాగింది. పోర్చుగీసులో మాట్లాడే ఒక సోదరుడు తన అభ్యంతరం చెబుతున్నంతసేపూ మేమంతా హెడ్‌సెట్లు చెవులకు అదుముకుని విన్నాము. ఆ తరువాత ఓటుకు పెట్టే ముందు, అనువాదం అందరికీ చేరిందో లేదో ఆయా భాషలవారి ముఖాలు చూసి తెలుసుకునేదాకా అధ్యక్షురాలు ఆగారు. ఆ కాస్త ఆగడంలో కనిపించిన గౌరవం నన్ను కదిలించింది. నా దృష్టిలో ఈ సభ ఏర్పాట్లన్నింటిలో మిన్న అనువాద సేవే.

స్వలింగ సంపర్కులకు పాస్టరు అభిషేకాన్ని నిషేధిస్తూ 1984లో చేసిన నియమం మే 1న 692–51 ఓట్లతో, హాలులో చర్చ లేకుండానే రద్దయింది. కమిటీలో దాదాపు వ్యతిరేకత లేకుండా నెగ్గిన అంశాలను ఒక్కచోట చేర్చి ఒకే ఓటుతో ఆమోదించే పద్ధతి ఉంది, ఇది ఆ జాబితాలో వచ్చింది. తొందరపడ్డారన్న విమర్శతో నేను ఏకీభవించను, ఎందుకంటే ఆ అంశం కమిటీ దాటి వచ్చినదే. అయితే 862 స్థానాలుండగా, ఆ రెండు అంకెలనూ కలిపితే 743 మాత్రమే అవుతుంది. వీసాలు అందక ఆఫ్రికా ప్రతినిధులు పలువురు రాలేకపోయారు. వారు వచ్చి ఉన్నా ఈ ఫలితం మారేది కాదు గాని, వారి ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని ఓటు వేయడం నాకు చివరిదాకా బాధగానే ఉండింది. రాబోయే సభకు, వీసాలకు కావలసిన ఆహ్వాన పత్రాల పని ఎంతో ముందుగా మొదలుపెట్టాలని గట్టిగా కోరుతున్నాను.

కొత్తగా ఎన్నికైనవారు పిటిషన్లను ఇంటి దగ్గరే చదువుకుని రావాలి. సభ మొదలైతే రోజూ వెలువడే సభా పత్రిక ‘డెయిలీ క్రిస్టియన్ అడ్వొకేట్’ చదవడానికే రాత్రులు సరిపోవు.