న్యూట్రల్‌లో వదలడమా, గేర్‌లో ఉంచి కాలు తీయడమా: మైలేజీకి ఏది మేలు?

రోజూ గుంటూరు నుంచి బెజవాడలోని భవానీపురం దాకా కారులో వచ్చి పోతుంటాను. పెట్రోలు లీటరు వంద దాటి చాలా కాలమైంది. నెలాఖరుకి ఇంటి ఖర్చుల్లో దాని వాటా చూస్తే నిజంగా టెన్షనే. బండి మార్చే ఆలోచన లేదు కాబట్టి నడిపే తీరు మార్చుకోవాల్సి వచ్చింది.

ఈ విషయంలో మా మావయ్యకీ నాకూ పెద్ద వాదన నడిచింది. కనకదుర్గ ఫ్లైఓవర్ మీంచి కుమ్మరిపాలెం వైపు దిగుతుంటే ఆయన పక్కసీట్లోంచి, "ఒరేయ్, న్యూట్రల్ చేసెయ్, బండి దానంతటదే పోతుంది, పెట్రోలు మిగులుతుంది" అన్నారు. ఆయన డ్రైవింగ్ నేర్చుకున్నది కార్బురేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే పాతకాలపు పరికరం) ఉన్న బండి మీద. ఆ రోజుల్లో ఆ మాట సబబే. గేర్‌లో దిగుతున్నా కార్బురేటర్‌లోంచి ఎంతో కొంత పెట్రోలు ఇంజన్‌లోకి పోతూనే ఉండేది.

ఇప్పటి ఇంజెక్షన్ బండి, అంటే కంప్యూటర్ కొలిచి పెట్రోలు చిమ్మించే బండి పద్ధతి వేరు. గేర్‌లో ఉండి, యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసేస్తే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. అది గమనించి కంప్యూటర్ పెట్రోలు సరఫరా ఆపేస్తుంది. అదే న్యూట్రల్ చేస్తే ఇంజన్ తనంతట తాను తిరగాలి, దానికి పెట్రోలు కావాలి. చిన్న కారు ఊరికే ఆన్‌లో ఉంటే గంటకి అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది.

మావయ్యకి మాటలతో చెప్పడం కంటే మీటరు చూపించడం మేలనిపించింది. మర్నాడు అదే ఫ్లైఓవర్ మీద, వెనక బండ్లేవీ లేనప్పుడు, నలభై స్పీడులో ఒక్క క్షణం న్యూట్రల్ చేశాను. అప్పటికప్పుడు మైలేజీ చూపించే అంకె యాభై ఐదు దగ్గర నిలబడింది. మళ్లీ మూడో గేరు వేసి కాలు తీశాను. అంకె ఎగబాకి తొంభై తొమ్మిది దగ్గర ఆగింది. మీటరులో అంతకు మించిన అంకె లేదు. "మావయ్యా, ఇది చూడండి" అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని మీటరు వంక చూస్తూ ఉండిపోయారు.

న్యూట్రల్‌కీ ఒక లాభం ఉందని ఒప్పుకోవాలి. గేర్‌లో ఇంజన్ బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, న్యూట్రల్‌లో ఆ పట్టు ఉండదు కాబట్టి బండి ఎక్కువ దూరం జారుతుంది. రోడ్డు ఖాళీగా ఉండి, ఆగాల్సిన పని లేకపోతే లెక్క అటే మొగ్గవచ్చు. కానీ మన ఫ్లైఓవర్ దిగగానే ఆటో అడ్డం వస్తుంది, బస్సు ఆగుతుంది. బ్రేకు తొక్కక తప్పనప్పుడు ముందుగా గేర్‌లో కాలు తీసి వేగం తగ్గించుకుంటే పెట్రోలూ మిగులుతుంది, బ్రేకులూ అరగవు. పైగా న్యూట్రల్‌లో బండి చేతిలో ఉండదు. వాలులో దిగేటప్పుడు ఇంజన్ ఆపేయడమైతే అస్సలు వద్దు. బ్రేకు పెడల్ గట్టిపడి తొక్కడం కష్టమవుతుంది, పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. నా ఓటు పూర్తిగా గేర్‌కే.

ఇక హైవే. గుంటూరు-బెజవాడ దారిలో కాజ టోల్‌ప్లాజా దాటాక రోడ్డు బాగుంటే వందలో పోవడమా, ఎనభైలో పోవడమా? గాలి ఎదురొత్తిడి స్పీడు వర్గాన్ని (స్పీడుని స్పీడుతోనే హెచ్చిస్తే వచ్చే అంకెని) బట్టి పెరుగుతుంది. అంటే ఎనభై నుంచి వందకి వెళ్తే ఒత్తిడి సగానికి పైగా పెరుగుతుంది. ముప్పై ఐదు కిలోమీటర్ల దారిలో మొత్తం వందలో పోగలిగినా మిగిలేది ఐదు నిమిషాలు. ఆ ఐదూ వారధి దగ్గర ట్రాఫిక్‌లోనే పోతాయి. నా బండికి మాత్రం లీటరుకి రెండు మూడు కిలోమీటర్ల తేడా కనిపించింది. అందుకే ఎనభై.

ఏసీనా, కిటికీలా అంటే ఊళ్లో నెమ్మదిగా పోతున్నప్పుడు కిటికీలే చవక. హైవే మీద అద్దాలు మూసి ఏసీ వేసుకోవడమే నయం, తెరిచిన కిటికీలోంచి దూరే గాలి బండిని లాగేస్తుంది. మే నెల బెజవాడ మధ్యాహ్నం మాత్రం ఈ లెక్కలు పక్కన పెట్టండి. ముందు ఒక్క నిమిషం అద్దాలు దించి లోపలి వేడి బయటికి పోనిచ్చి, ఆ తర్వాత ఏసీ వేస్తే దాని మీద భారం తగ్గుతుంది.

గేర్లు పెంచడంలోనూ ఒక పొరపాటు చూస్తుంటాను. మైలేజీ కోసమని కొందరు రెండో గేర్లోనే నత్తనడక నడుపుతారు. దానికంటే మరీ తొక్కకుండా చకచకా గేర్లు మార్చుకుని, పెట్రోలు బండికి రెండు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర పై గేర్‌కి వెళ్లిపోవడం మంచిది. ఇంజన్ వణుకుతుంటే మాత్రం గేరు దించాలి.

బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర టైమర్‌లో ముప్పై సెకన్ల పైన కనిపిస్తే ఇంజన్ ఆపేస్తాను, ఐదు సెకన్లు మిగిలి ఉండగా స్టార్ట్ చేస్తాను. బ్యాటరీ పాతదైతే ఈ పని వద్దు.

మొన్న మావయ్య గుంటూరు నుంచి తానే నడుపుకుంటూ వచ్చారు. ఫ్లైఓవర్ దిగేటప్పుడు చెయ్యి గేర్ రాడ్ మీదికి పోయింది కానీ న్యూట్రల్ చేయలేదు. నాలుగు నుంచి మూడుకి దించారు.